తొలి అమెరికా వలస కుటుంబాల వంశాన్ని రికార్డుల్లో వెతికే పద్ధతి

1620లో ఇంగ్లాండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికాకు వచ్చిన ప్రయాణికులు 102 మంది. వారు స్థిరపడిన ప్లిమత్‌లో మొదటి చలికాలం గడిచేసరికి వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. అయినా తమ వంశం ఆ ఓడ దిగినవారితోనే మొదలైందని చెప్పుకునే అమెరికన్ కుటుంబాలు లెక్కలేనన్ని ఉన్నాయి. అందులో అసంభవమేమీ లేదు. బతికి బట్టకట్టినవారి సంతానం నాలుగు వందల ఏళ్లలో లక్షల్లోకి పెరిగింది. అయితే ఇంటిపేరు కలిసినంత మాత్రాన వంశం కలిసినట్టు కాదు. ఈ పనిలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకే పేరున్న ఇద్దరిని ఒక్కరుగా భావించడం వల్ల జరిగేవే. అందువల్ల ప్రతి తరం దగ్గరా ఆగి, ఇతను ఫలానావారి కొడుకని, ఈమె ఫలానావారి కూతురని చెప్పే కాగితం ఏదని అడగాలి. ఆ కాగితం దొరికేదాకా వెనకటి తరానికి వెళ్లకూడదు.

ప్రసిద్ధుడైన పూర్వీకుణ్ణి ముందే ఎంచుకుని, అతని నుంచి కిందికి దిగుతూ తమ కుటుంబాన్ని కలుపుకోవాలని చాలామంది ప్రయత్నిస్తారు. అది తలకిందుల పని. ఇప్పుడున్న మనిషితో మొదలుపెట్టి, అతని జనన పత్రం, తల్లిదండ్రుల వివాహ పత్రం, తాతల మరణ పత్రాలు అన్న క్రమంలో వెనక్కి నడవాలి. ఇంట్లో కుటుంబ బైబిలు ఉంటే అందులో రాసిన పుట్టిన తేదీల కంటే ముందు దాని ముఖపత్రం మీది ముద్రణ సంవత్సరం చూడాలి. 1840లో అచ్చయిన బైబిల్లో 1795 నాటి జననాలు రాసి ఉంటే అవి ఆనాడు రాసినవి కావు, తర్వాత ఎవరో జ్ఞాపకం మీదనో మరో కాగితం చూసో ఎక్కించినవి. అన్ని పద్దులూ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్నా అదే అనుమానం కలగాలి.

1850 అనే సరిహద్దు

అమెరికా ఫెడరల్ సెన్సస్ 1790లో మొదలై పదేళ్లకోసారి జరుగుతోంది. వ్యక్తుల పేర్లున్న పత్రాలను 72 ఏళ్ల పాటు బయటపెట్టరు కాబట్టి ఇప్పటికి అందుబాటులో ఉన్న చివరిది 2022లో విడుదలైన 1950 సెన్సస్. అక్కడి నుంచి ఒక్కో దశాబ్దం చొప్పున వెనక్కి వెళ్లడం సులభమే. అయితే 1890 సెన్సస్‌లో చాలా భాగం, 1921లో వాషింగ్టన్‌లోని ఒక ప్రభుత్వ భవనంలో జరిగిన అగ్నిప్రమాదం కారణంగా మనకు దక్కలేదు. 1880లో తల్లి ఒడిలో ఉన్న బిడ్డ 1900 నాటికి వేరే రాష్ట్రంలో కాపురం చేస్తూ ఉండవచ్చు. ఆ ఇరవై ఏళ్ల ఖాళీని నగర డైరెక్టరీలతోను, కొన్ని రాష్ట్రాలు సొంతంగా తీసిన జనాభా లెక్కలతోను పూడ్చుకోవాలి. న్యూయార్క్ 1892లోను, కాన్సస్ 1895లోను అలాంటి లెక్కలు తీశాయి.

ఇంటి యజమానికి మిగిలినవారు ఏమవుతారో మొదటిసారి రాసింది 1880 సెన్సస్‌లో. 1850 నుంచి 1870 దాకా ఇంట్లోని వారి పేర్లు, వయసులు ఉంటాయి గానీ బంధుత్వం ఉండదు. ఇంటి యజమాని పేరు కింద ఒక స్త్రీ, ఆమె కింద నలుగురు పిల్లలు కనిపిస్తే భార్యాబిడ్డలని అనుకోవడం సహజం. ఆ స్త్రీ రెండో భార్య కావచ్చు, వితంతువైన చెల్లెలు కావచ్చు, పిల్లల్లో ఇద్దరు మేనల్లుళ్లు కావచ్చు. 1840కి, అంతకు ముందుకి వెళితే ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది. మిగిలినవారంతా వయసుల వారీగా గడుల్లో వేసిన అంకెలు మాత్రమే. అందుకే వంశ చరిత్ర వెతికేవారికి 1850 ఒక గట్టు వంటిది. దాన్ని దాటినవారు ఇక జనాభా లెక్కల మీద ఆధారపడలేరు.

బానిసత్వంలో ఉన్నవారి సంతతికి ఈ గట్టు మరో ఇరవై ఏళ్లు ఇవతలే ఎదురవుతుంది. 1850, 1860 నాటి ప్రత్యేక జాబితాల్లో యజమాని పేరు కింద వారి వయసు, లింగం, రంగు మాత్రమే రాశారు. పేర్లు దాదాపు ఎక్కడా లేవు. విముక్తులైన వారందరినీ పేర్లతో నమోదు చేసిన మొదటి ఫెడరల్ సెన్సస్ 1870 నాటిది. వర్జీనియాకు తొలి ఆఫ్రికన్లను తెచ్చినది 1619లో, అంటే మేఫ్లవర్ కంటే ఒక ఏడాది ముందు. వారి వారసుల చరిత్ర కూడా తొలి వలస చరిత్రే. దాన్ని వెతకాలంటే 1865లో మొదలైన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (విముక్తులకు సాయపడేందుకు పెట్టిన ప్రభుత్వ శాఖ) పత్రాలు, ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాదారుల వివరాలు చూసి, ఆ తర్వాత యజమాని కుటుంబపు వీలునామాల్లోకి, ఆస్తుల జాబితాల్లోకి వెళ్లాలి. గొడ్డూ గోదా, కుర్చీ బల్లల మధ్య ధర కట్టి రాసిన మనుషుల పేర్లు అక్కడ కనిపిస్తాయి. చదవడం కష్టమే అయినా చాలా కుటుంబాలకు దొరికే మొదటి ఆధారం అదే.

ఊరి పుస్తకం, చర్చి పుస్తకం

న్యూ ఇంగ్లాండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) వంశాలు వెతికేవారు అదృష్టవంతులని చెప్పాలి. మసాచుసెట్స్, కనెక్టికట్ ఊళ్లలో టౌన్ క్లర్కులు 17వ శతాబ్దం నుంచే జనన, వివాహ, మరణాలు నమోదు చేస్తూ వచ్చారు. మసాచుసెట్స్‌లోని అనేక ఊళ్లకు సంబంధించి 1850 దాకా ఉన్న ఈ నమోదులు అచ్చయి, ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. దక్షిణాదిలో ఈ సౌలభ్యం లేదు. వర్జీనియా రాష్ట్రవ్యాప్తంగా జననాల నమోదు మొదలుపెట్టింది 1853లో. దక్షిణ కరోలినా 1915లో. అంతకు ముందు అక్కడ దిక్కు ఆంగ్లికన్ చర్చి పారిష్‌ల (స్థానిక చర్చి పరిధుల) పుస్తకాలే, వాటిలోనూ చాలావరకు పోయాయి.

ఊరి పుస్తకాల్లో జనన మరణాలకు మించిన సంగతులుంటాయి. పశువుల చెవులకు పెట్టే కోత గుర్తులను ప్రతి ఇంటివారూ నమోదు చేయించుకునేవారు. తండ్రి గుర్తు కొడుక్కి సంక్రమించినట్టు రాసిన ఒక్క వాక్యం వీలునామా లేని చోట బంధుత్వాన్ని నిలబెట్టగలదు. కొత్తగా వచ్చిన పేద కుటుంబం ఊరి మీద భారంగా మారకుండా, వెళ్లిపొమ్మని జారీ చేసిన హెచ్చరికలు కూడా ఉంటాయి. వాటిలో భార్యాపిల్లల పేర్లు, వారు ఏ ఊరి నుంచి వచ్చారన్నది రాసేవారు. ఆ కుటుంబానికి అది అవమానమే. మనకు మాత్రం వారి వెనకటి ఊరి ఆచూకీ అందులోనే దొరుకుతుంది.

మసాచుసెట్స్ బే కాలనీలో 1631 నుంచి 1664 వరకు చర్చి సభ్యులకే ఓటు హక్కు గల 'ఫ్రీమన్' హోదా ఇచ్చేవారు. కాబట్టి ఆ జాబితాలో పేరుందంటే అతడు వయోజనుడని, ఏదో ఒక చర్చిలో చేరినవాడని తెలుస్తుంది. ఆ చర్చి పుస్తకం వెతకాలి. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేటప్పుడు తమ స్థానిక సంఘం నుంచి పత్రం తీసుకుని వెళ్లేవారు కాబట్టి పెన్సిల్వేనియా నుంచి ఉత్తర కరోలినాకు తరలిన కుటుంబాల జాడ చక్కగా తెలుస్తుంది. న్యూయార్క్ డచ్ చర్చి బాప్తిస్మ పుస్తకాలు 1639 నుంచి ఉన్నాయి. వాటిలో తల్లికి పుట్టింటి పేరే రాస్తారు. సాక్షులుగా నిలబడినవారు ఎక్కువగా తాతలు, అమ్మమ్మలు, మేనమామలు, మేనత్తలు. అయితే డచ్చివారికి చాలాకాలం స్థిరమైన ఇంటిపేరు లేదు. యాన్ అనే వ్యక్తి కొడుకు యాన్సెన్ అవుతాడు. ఆ కొడుకు పేరు పీటర్ అయితే మనుమడు పీటర్సెన్ అవుతాడు. ఇంటిపేరు పట్టుకుని వెనక్కి నడిచేవారు ఇక్కడ దారి తప్పుతారు.

వీలునామా, భూమి దస్తావేజు

1850కి ముందు తండ్రినీ కొడుకునూ ముడివేసే రుజువులు అన్నిటికంటే ఎక్కువగా దొరికేది కౌంటీ (మన జిల్లా వంటి విభాగం) కోర్టు కాగితాల్లో. వీలునామా దొరికితే పుస్తకంలోకి ఎక్కించిన నకలుతో సరిపెట్టుకోకుండా మొత్తం ఫైలు అడగాలి. ఆస్తుల జాబితా, అప్పులవాళ్ల రసీదులు, పంపకాల లెక్క, మైనర్ల సంరక్షకుల నియామకం అన్నీ అందులో ఉంటాయి. సాధారణంగా 14 ఏళ్లు నిండిన పిల్లలు తమ సంరక్షకుణ్ణి తామే ఎంచుకునేవారు కాబట్టి, ఎవరు ఎంచుకున్నారో ఎవరి తరఫున కోర్టు ఎంచిందో చూస్తే జనన పత్రం లేకపోయినా పిల్లల వయసు అంచనాకు అందుతుంది.

వీలునామాలో పేరు లేని కొడుకు లేనట్టే అనుకోకూడదు. వర్జీనియాలో, కాలనీలు బ్రిటన్ మీద తిరగబడిన విప్లవ కాలం దాకా, వీలునామా లేకపోతే భూమి అంతా పెద్ద కొడుక్కే దక్కేది. అతనికి ఎలాగూ దక్కుతుందని, లేదా ముందే ఇచ్చేశామని తండ్రి అతని ఊసెత్తకుండా మిగిలినవారికే రాసి ఉండవచ్చు. అలాగే 'నా ఇప్పటి భార్య' అన్న మాట చూసి ముందు మరొక భార్య ఉండి తీరాలని తేల్చేస్తుంటారు. చట్టపరంగా తాను వీలునామా రాసే నాటికి ఉన్న భార్యకే ఆ వాటా అని చెప్పడానికి కూడా ఆ మాట వాడేవారు.

ఆనాటి ఇంగ్లీషు బంధుత్వ పదాల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. 'కజిన్' అంటే అన్న కొడుకు కావచ్చు, మేనల్లుడు కావచ్చు. 'సన్ ఇన్ లా' అల్లుడే కానక్కర్లేదు, భార్యకు మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు కూడా కావచ్చు. 'బ్రదర్' బావమరిదికీ చెల్లుతుంది, ఒకే చర్చిలోని తోటి సభ్యుడికీ చెల్లుతుంది. 'ఇన్‌ఫంట్' అన్నది చంటిబిడ్డను కాదు, 21 ఏళ్లు నిండని మనిషిని. 'సీనియర్', 'జూనియర్' అన్నవి తండ్రీకొడుకులకే పరిమితం కావు. ఒకే ఊళ్లో ఒకే పేరున్న పెద్దవాణ్ణి, చిన్నవాణ్ణి గుర్తుపట్టడానికి పెట్టుకున్న గురుతులవి. పెద్దవాడు చనిపోతే నిన్నటి జూనియర్ ఇవాళ సీనియర్ అవుతాడు. బాబాయికి, పెదనాన్నకు, మేనమామకు వేరు వేరు పేర్లున్న భాషలో పెరిగిన మనకు ఈ గందరగోళం కాస్త చికాకు కలిగిస్తుంది గానీ, అందువల్లనే మనం ఇతరులకంటే ముందుగా అనుమానించగలం కూడా.

భూమి దస్తావేజులను చాలామంది విసుగుతో వదిలేస్తారు. నా దృష్టిలో వీలునామాల కంటే ఇవే ఎక్కువ చెబుతాయి. ఒక మనిషి కొన్న దాఖలా లేని భూమిని అమ్మాడంటే అది అతనికి వారసత్వంగా వచ్చి ఉండవచ్చు. ఆ పొలం హద్దులు పట్టుకుని అంతకు ముందు అది ఎవరిదో వెతికితే తండ్రో మామగారో బయటపడతారు. భర్త భూమిలో మూడో వంతు మీద భార్యకు, అతను పోయాక జీవితాంతం హక్కు ఉండేది కాబట్టి అమ్మకానికి ఆమె ఒప్పుకోలు తీసుకునేవారు. భార్య పేరు మరెక్కడా దొరకని చోట ఈ ఒప్పుకోలులో దొరుకుతుంది. తొలి 13 కాలనీలలోను, వాటి నుంచి విడివడిన కెంటకీ, టెనెసీ వంటి రాష్ట్రాలలోను హద్దులను చెట్లు, వాగులు, పొరుగువారి గట్లు గుర్తులుగా రాశారు. ఆ పొరుగువారిని రాసిపెట్టుకోవాలి. ఆనాటివారు ఒంటరిగా వలస వెళ్లడం అరుదు. బంధువులు, ఇరుగుపొరుగు, ఒకే చర్చివారు గుంపుగా కదిలేవారు. మీరు వెతికే మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో తెలియకపోతే అతని దస్తావేజుకు సాక్షి సంతకం చేసినవాడు ఎక్కడి నుంచి వచ్చాడో చూడండి. పడమటి రాష్ట్రాల్లో మాత్రం భూమిని చదరాలుగా కొలిచి ఫెడరల్ ప్రభుత్వమే ఇచ్చింది. ఆ పట్టాలు జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు.

వర్జీనియా కౌంటీలు కొన్ని తమ పుస్తకాలను అంతర్యుద్ధ కాలంలో భద్రత కోసం రిచ్మండ్‌కు పంపగా, 1865 ఏప్రిల్‌లో ఆ నగరం తగలబడినప్పుడు అవి బూడిదయ్యాయి. అలాంటి కౌంటీ ఎదురైనప్పుడు చేతులెత్తేయనవసరం లేదు. 1782 నుంచి ఉన్న పన్ను జాబితాలు రాష్ట్ర గ్రంథాలయంలో విడిగా నిలిచి ఉన్నాయి. ఏటా వచ్చే ఆ జాబితాలను వరసగా చదివితే ఒక పేరు ఏ ఏడు మొదలైందో, ఏ ఏడు దాని స్థానంలో వితంతువు పేరు వచ్చిందో, ఒకే పేరున్న ఇద్దరు పక్కపక్కనే ఎన్నేళ్లు ఉన్నారో తెలుస్తుంది.

తేదీలు, సరిహద్దులు

బ్రిటిష్ కాలనీల్లో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ ఏడాది సెప్టెంబర్ 2 తర్వాతి రోజును సెప్టెంబర్ 14గా లెక్కించి కేలండర్ మార్చారు. జార్జ్ వాషింగ్టన్ పుట్టినది పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11. కొత్త లెక్కలో 1732 ఫిబ్రవరి 22. జనవరి నుంచి మార్చి 24 దాకా తేదీలను 1731/32 అని రెండు సంవత్సరాలతో రాయడానికి కారణం ఇదే. ఈ సంగతి తెలియకపోతే పెళ్లి 1701 ఏప్రిల్‌లో, బిడ్డ 1701 ఫిబ్రవరిలో అన్న నమోదు చూసి లేనిపోని కథలు అల్లుతాం. నిజానికి ఆ ఫిబ్రవరి వచ్చింది ఏప్రిల్ తర్వాతే. క్వేకర్ల 'మొదటి నెల' కూడా 1752కి ముందు మార్చి నెలే. ఇలాంటి తేదీలను ఉన్నవి ఉన్నట్టుగా రాసుకోవాలి, మార్చిన లెక్క పక్కన వేసుకోవాలి.

సరిహద్దులూ ఇంతే. మెయిన్ 1820 దాకా మసాచుసెట్స్‌లో భాగం. కెంటకీ 1792 దాకా, పశ్చిమ వర్జీనియా 1863 దాకా వర్జీనియాలో భాగం. కుటుంబం కదలకపోయినా వారి చుట్టూ కౌంటీ పేరు రెండు మూడుసార్లు మారి ఉండవచ్చు, పాత పుస్తకాలు మాత్రం పాత కౌంటీ కోర్టులోనే ఉండిపోతాయి. న్యూబెరీ లైబ్రరీ తయారు చేసిన కౌంటీ సరిహద్దుల చారిత్రక అట్లాసులో ఒక తేదీ నాటికి ఆ స్థలం ఏ కౌంటీలో ఉందో ముందు చూసుకుంటే వృథా ప్రయాసలు తగ్గుతాయి.

సముద్రం దాటే ముందు

ఓడ ప్రయాణికుల జాబితాలను ఫెడరల్ ప్రభుత్వం క్రమంగా సేకరించడం 1820లో మొదలైంది. అంతకు ముందరివి చెదురుమదురుగానే ఉన్నాయి. 1635లో లండన్ రేవు నుంచి బయలుదేరినవారి నమోదు, 1654–1686 మధ్య బ్రిస్టల్ నుంచి వెళ్లిన ఒప్పంద సేవకుల రిజిస్టరు, 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ల ప్రమాణ పత్రాలు వాటిలో ముఖ్యమైనవి. వర్జీనియాలో ఒక మనిషిని తీసుకొచ్చినందుకు 50 ఎకరాలు ఇచ్చేవారు కాబట్టి భూమి మంజూరు పత్రాల్లో అలా వచ్చినవారి పేర్లుంటాయి. అయితే మంజూరు సంవత్సరమే రాక సంవత్సరం అనుకోకూడదు, ఆ హక్కులను ఏళ్ల తరబడి దాచుకుని అమ్ముకునేవారు. 1620–1640 మధ్య న్యూ ఇంగ్లాండ్‌కు వచ్చినవారు సుమారు 20,000 మంది. వారి మీద బోస్టన్‌లోని న్యూ ఇంగ్లాండ్ హిస్టారిక్ జెనియలాజికల్ సొసైటీ 1988 నుంచి 'గ్రేట్ మైగ్రేషన్' అధ్యయనం నడిపింది. ఆ కాలపు వలసదారుణ్ణి వెతికేవారు ముందు చూడవలసింది దాన్నే.

ఇంగ్లాండ్‌లో పారిష్ రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి. సరైన పేరు, సరైన వయసు గల బాప్తిస్మం అక్కడ దొరకగానే సంబరపడడం తొందరపాటు. ఆ బిడ్డ చిన్నప్పుడే చనిపోయాడేమో, పెద్దయి అక్కడే పెళ్లి చేసుకుని అక్కడే సమాధి అయ్యాడేమో అదే పుస్తకంలో చూడాలి. చివరకు నమ్మదగిన ముడి చాలాసార్లు ఇంగ్లాండ్‌లో ఉండిపోయిన బంధువు వీలునామాలో, 'ఇప్పుడు న్యూ ఇంగ్లాండ్‌లో ఉన్న నా తమ్ముడికి' అన్న ఒక్క వాక్యంలో దొరుకుతుంది.

ఇతరులు కట్టిన వంశవృక్షాలు

ఇంటర్నెట్‌లోని వంశవృక్షాలు సూచనలుగా పనికొస్తాయి గానీ రుజువులుగా పనికిరావు. వంద చెట్లు ఒకే మాట చెప్పినా అవి ఒకదాన్ని చూసి మరొకటి ఎక్కించినవైతే సాక్ష్యం ఒక్కటే. అచ్చు పుస్తకమైనా నమ్మడానికి లేదు. గుస్తావ్ అంజూ అనే వ్యక్తి 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ధనిక కుటుంబాలకు డబ్బు తీసుకుని కల్పిత వంశావళులు రాసిపెట్టాడు. ఆ కల్పనలు ఇప్పటికీ కొన్ని వంశవృక్షాల్లో తిరుగుతున్నాయి. డిఎన్ఏ పరీక్ష సంగతీ ఆలోచించి చూడాలి. పదో తరానికి లెక్క ప్రకారం 1,024 మంది పూర్వీకులు ఉంటారు. వారిలో ఒకరి నుంచి మనకు చేరే అంశం అతి స్వల్పం, అసలేమీ చేరకపోనూ వచ్చు. తండ్రి నుంచి కొడుక్కి నేరుగా వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష మాత్రం ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకటో కాదో తేల్చడంలో బాగా ఉపయోగపడుతుంది.

విప్లవ యుద్ధ సైనికుల పింఛను ఫైళ్లను కాగితాలన్నిటిలో విలువైనవిగా ఎంచవచ్చు. 1832 చట్టం కింద దరఖాస్తు చేసిన వృద్ధ సైనికులు ఎక్కడ పుట్టారో, ఎప్పుడు సైన్యంలో చేరారో, తర్వాత ఎక్కడెక్కడ కాపురమున్నారో కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. 1836 తర్వాత దరఖాస్తు చేసిన వితంతువులు కొందరు పెళ్లి రుజువు కోసం కుటుంబ బైబిలు పుటలనే చింపి జతపరిచారు. అవి ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, డిజిటల్ ప్రతులు కూడా దొరుకుతాయి.

కౌంటీ పుస్తకాల విషయానికి వస్తే, ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు ఉచితంగా చూపే లక్షలాది పుటల్లో ఒకప్పుడు ఒక్కొక్కటిగా తిప్పుకుంటూ పోవలసి వచ్చేది. ఇప్పుడు చేతిరాతను యంత్రమే చదివి వెతికే సౌకర్యం అమెరికా భూమి, వీలునామా పత్రాలకు వచ్చింది కాబట్టి, సూచికలో ఎక్కని సాక్షుల పేర్లు, పొరుగువారి పేర్లు కూడా పట్టుబడుతున్నాయి. ఆ యంత్రం చదవలేని పుస్తకాలకు పాత సూచికలే గతి. వాటిలో భూమి అమ్మినవారిలో మొదటి వ్యక్తి పేరు మాత్రమే రాసి, మిగిలిన వారసులందరినీ 'ఎట్ ఆల్' అనే రెండు మాటల్లో కుదించేస్తారు. ఆ రెండు మాటలు కనిపించిన ప్రతి దస్తావేజునూ తెరిచి చదవాలి. పెళ్లయి ఇంటిపేరు మారిన కూతుళ్లు, తమ భర్తల పేర్లతోను తాము కాపురమున్న కౌంటీల పేర్లతోను సహా, తరచుగా కనిపించేది అక్కడే.